ఏడో నంబరు పెట్టె నేరచరిత్ర

మా మాస్టారికి పెట్టెల్ని తిట్టే అలవాటు ఉండేది. మనుషుల్ని ఆయన పల్లెత్తు మాట అనగా విన్నవాళ్లు లేరు. పెట్టెల్ని తిట్టగా విననివాళ్లు మా పాలిటెక్నిక్ మొత్తంలో లేరు. మేడ మీద మూల గదిలోంచి ఆయన గొంతు లేచిందంటే, కింద ఆఫీసులో టైపిస్టు వేళ్లు గాల్లో ఆగిపోయేవి.

"సిగ్గుందా నీకు? రెండూ ఒకటైతేనే దీపం వెలిగించాలని నిన్న చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? మరి ఇప్పుడు ఎవర్ని అడిగి వెలిగించావు?"

మేం చేరిన మొదటి రోజు ఈ కేకలు విని మెట్ల మీదే ఆగిపోయాం. లోపల ఎవరో విద్యార్థికి మూడిందనుకున్నాం. నా పక్కనున్న పిల్ల, ఏ పనైనా ఆలోచించకముందే చేసేస్తుంది కాబట్టి తర్వాత మేం దానికి 'తొందర' అని పేరు పెట్టుకున్నాం, అది తలుపు సందులోంచి తొంగి చూసి వెనక్కి వచ్చింది.

"లోపల ఎవరూ లేరే" అంది.

"మరి ఎవర్ని తిడుతున్నారు?"

"సూట్‌కేసుని."

అది సూట్‌కేసు కాదని తర్వాత తెలిసింది. ఒకటి, సున్నా అనే రెండే అంకెలతో యంత్రాలు ఎలా లెక్కలు చేస్తాయో మాలాంటివాళ్లకి నేర్పడానికి చేసిన శిక్షణ పెట్టె అది. మూత ఎత్తితే ఒక వరసలో ఎనిమిది స్విచ్చులు, ఇంకో వరసలో ఎనిమిది బుల్లి ఎర్ర దీపాలు, మధ్యలో జల్లెడలా చిల్లులు. ఆ చిల్లుల్లో పద్నాలుగు కాళ్ల నల్ల పురుగుల్లాంటి చిప్పులు గుచ్చి, రంగురంగుల తీగలతో ఒకదానికొకటి కలపాలి. స్విచ్చు పైకి నొక్కితే ఒకటి, కిందికి నొక్కితే సున్నా. దీపం వెలిగితే అవును, వెలగకపోతే కాదు. అలాంటివి మా గదిలో పద్నాలుగు ఉండేవి. మూతల మీద తెల్ల పెయింటుతో నంబర్లు.

మాస్టారు మమ్మల్ని చూడగానే చిరునవ్వు నవ్వారు. "రండమ్మా, రండి బాబూ, కూర్చోండి. వీళ్లని చూసి భయపడకండి. అల్లరే గానీ మంచివాళ్లే" అని పెట్టెల్ని పరిచయం చేశారు. "ఈ ఏడో నంబరుతో మాత్రం కాస్త జాగ్రత్త."

ఆయన లెక్కలో ఆ గదిలో మూడు తరాల కుటుంబం కాపురముండేది. బీరువా మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న పెద్ద చెక్క పలక తాతగారు. మా కాలేజీ మొదలైన రోజుల్లో తొలి మాస్టారెవరో టెలిఫోన్ ఆఫీసువాళ్లు పారేసిన రిలేలు, అంటే కరెంటుతో కొట్టుకునే స్విచ్చులు, ఏరుకొచ్చి, అగ్గిపెట్టెలంత ఉన్న ఆ ఇనప ముక్కల్ని చెక్కకి బిగించి తయారుచేశారట. రెండు అంకెలు కూడమంటే టకటకా కొట్టుకుని, కాస్త ఆయాసపడి, జవాబు చెప్పేది.

"తాతగారి దగ్గర కళ్లు మూసుకుని లెక్క నేర్చుకోవచ్చు" అనేవారు మాస్టారు. "మూడు టక్కులు వినపడాల్సిన చోట రెండే వినపడితే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. ఈ కాలం పెట్టెలు మూగవి. తప్పు చేసి కూడా చప్పుడు చేయవు."

తాతగారిని మాత్రం ఆయన ఎప్పుడూ తిట్టలేదు. "తమరు కొంచెం దయచేయాలి" అని చెప్పి మరీ స్విచ్చు వేసేవారు.

కిటికీ పక్కన వాలుగా నిలబెట్టిన ఆకుపచ్చ ఇనప బల్ల అత్తయ్య. ఆవిడది ట్రాన్సిస్టర్ల కాలం. ఇటుకలంత దిమ్మలు, ఒక్కో దిమ్మ ఒక్కో పని చేస్తుంది. దిమ్మ మీద బొమ్మ గీసి ఉంటుంది, తెచ్చి బల్లకి గుచ్చడమే. అత్తయ్యకి ఎండ పడదు. పొద్దున రెండూ మూడూ ఐదు అని చెప్పిన మనిషి, మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడేసరికి నాలుగు అనేది.

"అత్తయ్య అలిగింది, తెర వెయ్యండి" అనేవారు మాస్టారు. తెర వేసి పావుగంట ఆగితే మళ్లీ ఐదు అనేది. "పెద్దవాళ్లతో వాదించకూడదమ్మా. చల్లబడేదాకా ఆగాలి."

ఇక పద్నాలుగు సూట్‌కేసులూ మనవలు. తిట్లన్నీ వీళ్లకే. 'ఒరేయ్' లేకుండా వీళ్లతో మాట మొదలయ్యేది కాదు. మూడో నంబరు 'బద్ధకిష్టి'. తొమ్మిదో నంబరులో ఒక బొత్తాం ఉండేది, ఒక్కసారి నొక్కితే లోపలి రేకు అదిరి మూడు నొక్కుళ్లుగా లెక్కపెట్టేది. దానిపేరు 'గోరంతలు కొండంతలు'. ఏడో నంబరుకి ముద్దుపేరు లేదు. ఏడో నంబరు అంటే చాలు.

తిట్టడంతో ఊరుకునేవారా అంటే, లేదు. తప్పు చేసిన పెట్టెని ఎత్తుకెళ్లి గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. గంట శిక్ష. బల్ల సొరుగులో ఒక లావుపాటి రిజిస్టరు ఉండేది. పై అట్ట మీద 'పరికరాల లోపాలు' అని అచ్చయి ఉంటుంది. లోపల మాస్టారి గుండ్రటి దస్తూరీ: 'ఏడో నంబరు. కూడిక తప్పు చెప్పింది. మందలించాను.' 'ఏడో నంబరు. అడిగినదానికి జవాబు చెప్పలేదు. పొగరు.' 'పన్నెండో నంబరు. ఏడో నంబరుతో సావాసం చేసి చెడిపోతోంది. బల్ల మార్చాను.'

ఒకసారి కొత్తగా వచ్చిన లెక్చరర్ ఒకాయన గుమ్మంలో నిలబడి ఈ వరస చూసి బిత్తరపోయాడు.

"మాస్టారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఏడో నంబరుతో సార్. మీరు కాస్త పక్కకి జరుగుతారా? కొత్తవాళ్లని చూస్తే బిగుసుకుపోతుంది."

ఆ తర్వాత ఆ లెక్చరర్ ఆ గది ముందునుంచి వెళ్లాల్సి వస్తే, వరండా అటు చివరినుంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు.

మాకు మాత్రం ఆ గదంటే ప్రాణం. కారణం చిన్నది. మేం ఏం చేసినా తప్పు మాది కాదు. తొందర ఒకరోజు తీగలన్నీ ఒక్క చిల్లులోనే కుక్కి, దీపం వెలగలేదని ఏడుపు మొహం పెట్టింది. మాస్టారు వచ్చి వంగి చూశారు. మూడు తీగలు పీకారు. తర్వాత పెట్టె వైపు తిరిగారు.

"ఏరా, ఆ పిల్ల అంత ఓపిగ్గా తీగలు గుచ్చుతుంటే, ఇక్కడ కాదక్కా అక్కడ అని ఒక్క మాట చెప్పలేకపోయావా? నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?" అని, తొందరతో నెమ్మదిగా, "నీకు శనివారం మధ్యాహ్నం తీరికేనా తల్లీ?" అన్నారు.

"తీరికే మాస్టారూ. ఎందుకు?"

"వీడికి బుద్ధి చెప్పాలి. నేను చెబితే వినడు, మొండివాడు. నీ తమ్ముడి ఈడువాడు కాబట్టి నువ్వు చెబితే వింటాడు."

అలా వారానికి ముగ్గురో నలుగురో శనివారం మధ్యాహ్నం పెట్టెలకి బుద్ధి చెప్పడానికి వెళ్లేవాళ్లం. నేనే ఎక్కువసార్లు వెళ్లాను. మాస్టారు మూల కుర్చీలో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. మేం పెట్టె ముందు కూర్చుని, ఈ కాలికి ఎర్ర తీగ ఎందుకు, ఆ కాలికి నల్ల తీగ ఎందుకు, రెండు ఒకట్లు కూడితే సున్నా వేసి ఒకటి పక్కకి ఎందుకు నెట్టాలో మొదట్నుంచీ చివరిదాకా దానికి వినపడేలా చెప్పాలి. మధ్యలో మేం తడబడితే పేపరు వెనకనుంచి కేక వచ్చేది.

"ఏరా, అక్కడ నీకు అర్థం కాలేదు కదూ? మరి ఇంకోసారి చెప్పమని అక్కని అడగవేం?"

మేం ఇంకోసారి చెప్పేవాళ్లం. మూడోసారికి పెట్టెకి అర్థమైపోయేది. దీపం వెలిగేది. "చూశావా, నువ్వు చెబితే విన్నాడు" అని మాస్టారు మమ్మల్ని మెచ్చుకునేవారు. పెట్టెకి చదువు చెప్పి వచ్చామని మేం గొప్పగా ఇళ్లకి వెళ్లేవాళ్లం. అంత అమాయకులం.

ఇక నా పరీక్ష సంగతి చెప్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో నేను అప్పటికే ఒకసారి తప్పాను. చేతులు వణికి తీగే పట్టుకోలేకపోయాను. రెండోసారి కూడా తప్పితే చదువు ఆపించి తన ఫొటోకాపీ దుకాణంలో కూర్చోబెడతానని మా మామయ్య అమ్మకి మాట ఇచ్చేశాడు. నాకోసం ఒక స్టూలు కూడా కొన్నాడు. ఆ స్టూలు మా ఇంటి వసారాలోనే ఉంచారు. పొద్దున లేవగానే దాని మొహం చూసేదాన్ని.

పరీక్ష రోజు చీటీ తీస్తే మూడు అంకెలు కూడే యంత్రం కట్టమని వచ్చింది. పెట్టెలకి కూడా చీటీలే. నాకు ఏడో నంబరు వచ్చింది.

"అయిపోయావే" అంది తొందర, వెనక బల్లనుంచి, ఓదార్పుగా.

బయటి కాలేజీనుంచి వచ్చిన పరీక్షకుడు చాలా గంభీరమైన మనిషి. బూట్లు చప్పుడు కాకుండా నడిచేవాడు, దాంతో ఎప్పుడు వెనక నిలబడ్డాడో తెలిసేది కాదు. నేను మూడు చిప్పులు గుచ్చాను. తీగలు కలిపాను. స్విచ్చు వేశాను. దీపాలు వెలగలేదు సరికదా, ఒక చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. కాలిన వాసన ముక్కుకి తగిలింది. కళ్ల ముందు స్టూలు కనిపించింది.

పరీక్షకుడు నాలుగో బల్ల దగ్గరనుంచి తల తిప్పి, "ఏంటా వాసన?" అన్నాడు.

ఆయన రెండడుగులు వేసేలోపు మాస్టారు నా బల్ల దగ్గర ఉన్నారు. ఒక్క దెబ్బతో తీగలన్నీ ఊడబెరికి గుప్పిట్లో పెట్టుకున్నారు. గది అదిరేలా గొంతెత్తారు.

"మళ్లీ మొదలుపెట్టావా! పరీక్ష రోజని కూడా లేదా నీకు? బయటినుంచి పెద్దమనిషి వచ్చారు, ఆయన ముందు నా పరువు తీస్తావా? నిన్ను పెంచడమే నా తప్పు! పద గోడ దగ్గరికి!"

పరీక్షకుడు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. "పరికరం పాడైందా?" అన్నాడు చివరికి.

"పుట్టుకతోనే పాడు సార్. రిజిస్టరు చూడండి, మీకే తెలుస్తుంది. పాపం ఈ అమ్మాయికి వచ్చింది. పదకొండో నంబరు ఇస్తాను, పోయిన టైము కలపండి."

పరీక్షకుడు రిజిస్టరు తిరగేశాడు. పేజీకి నాలుగుసార్లు ఏడో నంబరు. ఆయన తల పంకించి, "ఇలాంటిదాన్ని ఎందుకు ఉంచారండీ?" అని పావుగంట కలిపాడు. పదకొండో నంబరు ముందు కూర్చున్నాను. మాస్టారు నా పక్కగా వెళ్తూ, నాతో కాదు, పదకొండో నంబరుతోనే, చిన్నగా అన్నారు: "ఒరేయ్, అక్కకి కంగారు లేదు. శనివారం నీకు చెప్పినట్టే చెబుతుంది. విను." అంతే. పెట్టెకి చెబుతున్నట్టే గొణుక్కుంటూ తీగలు కలిపాను. దీపాలు వెలిగాయి. ఆ స్టూలు మీద మామయ్యే కూర్చున్నాడు.

ఏడో నంబరు మీద మాత్రం నేను పగబట్టాను. దాని పక్కనుంచి వెళ్లేటప్పుడల్లా ఒకసారి కొరకొరా చూసేదాన్ని. చదువు అయిపోయి, ఇంకా పెద్ద చదువు చదివి, వేరే ఊళ్లలో కొన్నేళ్లు పనిచేసి, అదే కాలేజీకి లెక్చరర్‌గా వచ్చాక కూడా ఆ పగ చల్లారలేదు.

నేను తిరిగి వచ్చేనాటికి ఒక విషయం జరిగిపోయింది. పరికరాల తనిఖీకి ఒక కమిటీ వచ్చిందట. రిజిస్టరులో నాలుగు వందల పైచిలుకు ఫిర్యాదులు చూసి ముక్కున వేలేసుకుందట. పెట్టెలు అమ్మినవాళ్ల మెకానిక్కుని రెండుసార్లు పిలిపిస్తే, వాడు విప్పి చూసి 'అన్నీ బాగానే ఉన్నాయి' అన్నాడట. 'పరికరాలు సరిగా చూసుకోలేని మనిషి' అని కమిటీ ఒక వాక్యం రాసింది. ఆ వాక్యం వల్ల మాస్టారికి రావలసిన విభాగాధిపతి కుర్చీ ఆయనకంటే పదేళ్లు చిన్నవాడికి వెళ్లింది. ఆ వార్త విన్న రోజు మాస్టారు "సరే సార్" అని గదిలోకి వెళ్లి, పద్నాలుగు పెట్టెల్నీ వరసపెట్టి అరగంట తిట్టారట. ఆ తర్వాత పదిహేను నెలలకి రిటైరయ్యారు. ఆ కథ చెప్పి చెప్పి స్టాఫు రూములో అందరూ పొట్టలు పట్టుకునేవారు. నేనూ నవ్వాను.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచారు.

"మేడమ్, మేడ మీద మూల గదిలోకి కంప్యూటర్లు వస్తున్నాయి. ఇప్పుడు ఆ తీగల పనంతా తెర మీదే చేసేయొచ్చు. ఆ పాత సామానంతా పనికిరాదని మీరో రిపోర్టు రాసిస్తే తుక్కుకి వేసేద్దాం. సోమవారంలోపు."

"పరీక్షించి రాయాలి కదండీ?"

"పరీక్షించడానికేముంది? రిజిస్టరు ఉందిగా."

అయినా నియమం నియమమని తాళం తీయించాను. ముందు ఏడో నంబరునే దించాను. దాని పాపం పండిందని నా చేత్తోనే రాయాలని కోరిక. మూత తీసి, ఆ రోజు పరీక్షలో వచ్చిన కూడిక యంత్రమే కట్టాను. స్విచ్చు వేశాను. రెండు దీపాలూ టక్కున వెలిగాయి. అంకెలు మార్చాను. సరిగ్గానే చెప్పింది. ఎనిమిది రకాలుగా అడిగాను. ఎనిమిదింటికీ సరైన జవాబే. ప్రతి చిల్లూ, ప్రతి స్విచ్చూ మీటరు పెట్టి చూశాను. ఒక్క తప్పు లేదు. లోపల ఎప్పుడూ ఎవరూ రిపేరు చేసిన గుర్తు కూడా లేదు.

రెండు రోజులు కూర్చుని పద్నాలుగూ చూశాను. తొమ్మిదో నంబరు బొత్తాం తప్ప అన్నీ బంగారంలా ఉన్నాయి. బీరువా మీది తాతగారు కూడా గుడ్డ తీయగానే టకటకా కూడేశారు.

అప్పుడు రిజిస్టరు తీశాను. చిన్నప్పుడు మేం సిరా రాతలే చదివి నవ్వుకునేవాళ్లం. అంచుల్లో పెన్సిలుతో చీమ తలకాయలంత అక్షరాలు ఉన్నాయని ఎవరం చూడలేదు. నా పరీక్ష తేదీ వెతుక్కున్నాను. సిరాతో: 'ఏడో నంబరు. పరీక్షలో పరువు తీసింది.' పక్కన పెన్సిలుతో: 'ఆ పిల్ల ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేసింది. చిప్పు కాలింది. పాత బోర్డులోంచి ఇంకోటి పీకి పెట్టాను. పాఠం వచ్చు, భయమే ఎక్కువ. చెప్పకూడదు.'

వెనక్కి తిరగేశాను. 'బద్ధకం' పక్కన: 'ఈ అబ్బాయికి బోర్డు కనపడటం లేదు. ముందు వరసలోకి మార్చాలి.' 'పొగరు' పక్కన: 'నేను పాఠం తొందరగా చెప్పాను.' నాలుగు వందల నేరాల్లో పెట్టెలు చేసినవి పదకొండు.

రిజిస్టరు సంచిలో వేసుకుని మాస్టారి ఇంటికి నడిచాను. రెండు వీధుల అవతలే. ఆయన కూరగాయలకి వెళ్లారట. మాస్టారి భార్య తలుపు తీసి కూర్చోమన్నారు.

"పిన్నిగారూ, మాస్టారు ఇంట్లో కూడా సామాన్లని ఇలాగే తిడతారా?" అని అడిగాను.

"సామాన్లని తిట్టడమేంటమ్మా?" అన్నారావిడ. "నలభై ఏళ్ల కాపురంలో ఒక్క గరిటెని కూడా ఏమీ అనలేదు. మొన్న ఫ్యాను ఊడి ఆయన కంచంలో పడినంత పనైంది. కిక్కురుమనకుండా నిచ్చెన తెచ్చుకున్నారు. తిట్టింది నేనే."

ఊరంతా చెప్పుకున్న అలవాటు ఆయనకి అసలు లేనే లేదు!

మాస్టారు వచ్చి కూరగాయల సంచీ దించుతూ నా ఒళ్లో రిజిస్టరు చూశారు. పెన్సిలు రాత మీద నా వేలు చూశారు. దొంగతనం బయటపడ్డ మనిషిలా అటూ ఇటూ చూసి, "అంత చిన్న అక్షరాలు ఎలా చదివావు?" అన్నారు.

"ఎందుకు మాస్టారూ ఇదంతా?"

ఆయన వంకాయలు పళ్లెంలో పోసి ఏరడం మొదలుపెట్టారు. "నేను చేరిన మొదటి ఏడాది ఒక కుర్రాణ్ణి తిట్టాను. దీపం వెలగలేదు, నీకీ చదువు అబ్బదు పొమ్మన్నాను. మర్నాడు రాలేదు. మళ్లీ రాలేదు. వారం తర్వాత చూస్తే తీగ లోపల తెగి ఉంది. తప్పు పెట్టెది. తిట్లు వాడికి." ఒక పుచ్చు వంకాయ పక్కన పెట్టారు. "అప్పుడు నియమం పెట్టుకున్నాను. ముందు పెట్టెనే తిట్టాలి, పిల్లల్ని ఎప్పుడైనా తీరిగ్గా తిట్టుకోవచ్చని. తీరిక చిక్కలేదు, రిటైరైపోయాను."

"దానివల్ల మీ కుర్చీ పోయింది కదా!"

"ఆ కుర్చీ కిటికీకి దూరం. నాకు గాలి ఉండాలి."

ఇప్పుడు నా ఇరకాటం చెప్పాను. పెట్టెలు బాగున్నాయని నిజం రాస్తే తుక్కుకి పోకుండా ఆగుతాయి. కానీ అప్పుడు రిజిస్టరు అబద్ధమని తేలుతుంది, ఆయన మీద మాట పడుతుంది. పనికిరావని రాస్తే ఆయన పేరు నిలుస్తుంది, కుటుంబం మొత్తం కొలిమికి పోతుంది.

మాస్టారు వంకాయల పళ్లెం పక్కకి జరిపారు. తర్వాత లేచి, "చొక్కా మార్చుకుని వస్తాను" అన్నారు.

ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద ఒకవైపు నా రిపోర్టు, ఒకవైపు రిజిస్టరు. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. మొహం ఎర్రబడింది.

"ఈవిడేమో ఒక్క బొత్తాం తప్ప పద్నాలుగూ భేషుగ్గా ఉన్నాయంటున్నారు. మీరేమో ముప్పై ఏళ్లలో నాలుగు వందల తప్పులు రాశారు. ఏది నిజం మాస్టారూ? సూటిగా చెప్పండి."

మాస్టారు చేతులు కట్టుకుని అమాయకంగా నిలబడ్డారు.

"రెండూ నిజమే సార్. అప్పుడు తప్పులు చేశాయి. ఇప్పుడు బుద్ధొచ్చింది."

"ఏంటీ?"

"ముప్పై ఏళ్లు ఆపకుండా తిట్టాను సార్. ఎంత మొండి పెట్టెకైనా ఎప్పటికో ఒకప్పటికి బుద్ధి రాదా? ఇప్పుడు, సరిగ్గా పనికొచ్చే వయసులో, తుక్కుకి వేస్తామంటే నా కష్టమంతా ఏమైపోవాలి?"

తలుపు దగ్గర ప్యూను ఎటో తిరిగి దగ్గాడు. ప్రిన్సిపాల్‌గారు మాస్టారిని తేరిపార చూశారు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పేజీ అంచుని మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివారు. ఇంకో పేజీ తిప్పారు. ఇంకోటి. ఆయన ఎంత చదివారో మాకు తెలియదు. రిజిస్టరు మూసి, తన సొరుగులో పెట్టి, తాళం వేశారు.

"రిజిస్టరు పోయింది" అన్నారు. "మేడమ్, మీ రిపోర్టు మీద సంతకం పెడుతున్నాను. కంప్యూటర్లు ఆ గోడ వైపు పెట్టుకోండి. కిటికీ వైపు ఆ పాత సామాను ఉండనివ్వండి. మొదటి నెల పిల్లలు తీగలతోనే నేర్చుకుంటారు, తర్వాతే తెర." ఆపైన మాస్టారితో, ముఖం ఏమాత్రం సడలించకుండా, "శనివారాలు మీకు తీరికేనా? వాటికి మళ్లీ బుద్ధి తప్పితే చెప్పేవాళ్లుండాలి కదా" అన్నారు.

"మా ఆవిణ్ణి అడగాలి సార్" అన్నారు మాస్టారు. వరండాలోకి వచ్చాక మాత్రం ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు.

గది గుమ్మంలో నేను ఆగిపోయాను. బల్ల మీద ఏడో నంబరు మూత తెరిచి ఉంది. ఇన్నేళ్లూ దాన్ని ఎన్ని మాటలు అనుకున్నానో తలచుకుంటే మొహం చెల్లలేదు.

"మాస్టారూ, దీనికి నేను క్షమాపణ చెప్పుకోవాలేమో."

"అది మీ ఇద్దరి సంగతి. మధ్యలో నన్ను లాగకు" అని ఆయన వరండాలోకి వెళ్లి నా వైపు వీపు పెట్టి నిలబడ్డారు.

అటూ ఇటూ చూసుకున్నాను. నేనొక లెక్చరర్‌ని. నలభై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషిని. ఎవరూ లేరని ఖాయం చేసుకుని, పెట్టె మీదికి వంగి, నాకే వినపడీ వినపడనట్టు రెండు మాటలు అన్నాను.

వరండాలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"కొంచెం గట్టిగా చెప్పమ్మా. దానికి చెవుడు."